వినకుండా పెట్టిన బొటనవేలు

పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంటున్నప్పుడు నాకు మొదట తెలిసిన సంగతి, పాట, బాట, మాట మూడూ ఒకటేనని. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. హనుమకొండ సుబేదారిలో ఒక ప్రైవేటు స్కూల్లో పద్దెనిమిదేళ్లుగా తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెబుతున్నాను. వినికిడి ఒక్కరోజులో పోలేదు. ముందు ఫోన్ మోగడం వినపడలేదు, తర్వాత కుక్కర్ విజిల్, ఆ తర్వాత వెనక బెంచీలు.

దవాఖానలో డాక్టరు, నరం దెబ్బతిన్నదనీ మందులతో తిరిగి రాదనీ కాగితం మీద రాసి చూపించాడు. చెవుల్లో మిషన్లు పెట్టుకున్నాను. వాటితో ఫ్యాను రొద, కుర్చీ జరిపిన చప్పుడు, స్టీలు గ్లాసు కింద పడ్డ మోత సూదుల్లా దిగేవి. మనిషి మాట మాత్రం ముద్దగా వచ్చేది. శబ్దం ఉండేది, అక్షరాలు ఉండేవి కావు. ఆరు నెలలు ఓర్చుకుని, తీసి డబ్బాలో పెట్టేశాను.

క్లాసు ఎలా పోయిందో చెబుతాను. ఒకరోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద లెక్క చేస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి మూడో వరసలో ఒక అమ్మాయి నిలబడి ఏదో అడుగుతోంది. బయటికి వెళ్లి రావడానికి అడుగుతోందనుకున్నాను. "పోయి తొందరగా రా" అన్నాను. ఆ పిల్ల కాసేపు అయోమయంగా చూసి, బయటికి వెళ్లిపోయింది. క్లాసంతా భుజాలు కదులుతున్నాయి. నవ్వు నాకు వినపడలేదు, కదిలే భుజాలు కనపడ్డాయి. పీరియడ్ అయ్యాక బోర్డు తుడవబోతూ చూస్తే రెండో మెట్టులో మైనస్ గుర్తు వదిలేశాను. ఆ అమ్మాయి అడిగింది అదే. ఆమె కరెక్టు, నేను తప్పు. ఆమెను బయటికి పంపించాను.

ప్రిన్సిపాల్ సారు నన్ను తప్పు పట్టలేదు. పిలిచి కూర్చోబెట్టి, నెమ్మదిగా, నా ముఖం చూస్తూ మాట్లాడాడు. ఆఫీసు గదిలో పని చూసుకోమన్నాడు. అడ్మిషన్ రిజిస్టర్లు, హాజరు, వాటితోపాటు రోజూ అడ్జస్ట్‌మెంట్ షీట్. ఎవరైనా టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ ఖాళీగా ఉన్న ఇంకో టీచరుకు వేయాలి. ఎవరికి ఏ రోజు ఏ పీరియడ్ లీజర్ ఉందో చూసి, నిన్న వేసినవాళ్లకు ఇవాళ వేయకుండా, పొద్దున్నే చేత్తో రాసి బల్ల మీద పెట్టాలి. చిన్న పనే. కానీ ఆ పని వల్లే నా దగ్గరికి మనుషులు వచ్చేవారు. ఇవాళ నన్ను వదిలెయ్యండి గొంతు పోయిందని ఒకరు, నిన్నే కదా వేశారని ఒకరు. కావలసింది ఉంది కాబట్టి నా ఎదురుగా నిలబడి, తొందరపడకుండా మాట్లాడేవారు. ప్రార్థన గంటకు ముందు ఆ అరగంట, నా రోజు మొత్తంలో మాటలు ఉన్న అరగంట.

ఇంటికి వెళితే ఎవరూ లేరు. నా పెళ్లి ఏడాదిన్నర కూడా నిలవలేదు, అది చాలా పాత సంగతి. పై పోర్షన్లో ఒక్కదాన్నే ఉంటాను. మా అన్న కేసముద్రంలో మార్కెట్ యార్డు దగ్గర ధాన్యం వ్యాపారం చేస్తాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. వినికిడి తగ్గుతున్నప్పుడు మొదట గట్టిగా మాట్లాడాడు, తర్వాత అరిచాడు, ఆ తర్వాత ఫోన్ వదినకు ఇచ్చాడు. చివరికి ఆదివారం పొద్దున ఒక మెసేజ్ మిగిలింది. బాగున్నవా అని అతను, బాగున్న అని నేను.

ఆ ఏడాది మధ్యలోనే మా స్కూలు కంప్యూటర్ సారు ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. ల్యాబు తాళం ఆఫీసు గదిలోనే, నా వెనక మేకుకు వేలాడేది. ఫోన్లో ఏదో చూస్తుంటే ఒక ప్రకటన కనపడింది. వంద రోజులు, రోజుకు ఒక గంట, పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోండి, ఏ రోజు ఏం నేర్చుకున్నారో గ్రూపులో పెట్టండి, ఒక్కరోజు కూడా తప్పించొద్దు అని. పాఠాలన్నీ రాతలో ఉన్నాయి. నన్ను పట్టుకున్నది అదొక్కటే. వినాల్సింది ఏమీ లేదు. ప్రిన్సిపాల్ సారును అడిగితే, బడి వదిలాక ల్యాబులో కూర్చోండి, వాచ్‌మన్ గేటు వేసేలోపు వెళ్లండి అన్నాడు. గ్రూపులో నా పేరుకు బదులు లెక్కల టీచర్ అని పెట్టుకున్నాను.

మొదటి వారం తప్పులతోనే గడిచింది. వరస చివర రెండు చుక్కలు మరిచిపోతే కంప్యూటర్ ఆగిపోయేది. లోపలికి జరపాల్సిన వరస జరపకపోతే ఆగిపోయేది. ఆగిన ప్రతిసారీ ఎర్ర అక్షరాల్లో ఏ వరసలో తప్పుందో, అది ఎలాంటి తప్పో రాసి చూపించేది. నాకు అది ఎంత బాగుండేదో ఎవరికీ చెప్పలేను. రెండేళ్లుగా నేను ఒక మాటను ఇంకో మాటగా పట్టుకుని జవాబిస్తే, ఎదుటివాళ్లు ఒక చిన్న నవ్వు నవ్వి "ఏం లేదు తియ్యి" అనేవారు. ఎక్కడ తప్పానో చెప్పేవారు కాదు. "ఏం లేదు" అన్న మాటను మాత్రం నేను ఏ పెదవుల మీదనైనా పట్టగలను.

మొదట్లో గ్రూపు నిండా జనం. పదిహేను రోజులకు పలచబడింది. పరీక్షలని కొందరు, పెళ్లిళ్లని కొందరు, ఏమీ చెప్పకుండానే ఎక్కువమంది వెళ్లిపోయారు. నేను ఒక్కరోజూ తప్పించలేదు, ఆదివారాలు ఫోన్లోనే చేసేదాన్ని. తప్పించడానికి నాకు వేరే ఏ పనీ లేదు.

ఇరవై రెండో రోజు గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. గీతల నోటుబుక్కులో నీలం పెన్నుతో రాసిన ప్రోగ్రాం. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పెట్టిన మనిషి ఏటూరునాగారం దగ్గర ఒక హాస్టల్లో వంట చేస్తాడట. మగపిల్లలవి, ఆడపిల్లలవి రెండు బిల్డింగులు, ఒకే వంట. రెండు చోట్ల ఎంతమంది ఉన్నారో అడిగి, కలిపి చూపించే ప్రోగ్రాం రాశాడు. నలభై రెండు, ముప్ఫై ఎనిమిది ఇస్తే జవాబు నాలుగు వేల రెండు వందల ముప్ఫై ఎనిమిది వచ్చింది. "గింతమందికి నేనెట్ల వండాలె?" అని అడిగాడు.

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. జవాబు ఎవరూ రాయలేదు. నేను రాశాను. మనం నొక్కిన నలభై రెండును మిషన్ అంకెగా తీసుకోదు, అక్షరాలుగా తీసుకుంటుంది, అందుకే కూడకుండా పక్కపక్కన అతికించింది, ఇది అంకె అని ముందు దానికి చెప్పాలి అని. ఎలా చెప్పాలో కూడా రాశాను. మర్నాడు ఇంకో ఫోటో వచ్చింది. ఎనభై. పక్కన "మేడం దయ వల్ల అందరికీ అన్నం సరిపోయింది" అని ఉంది. ఆ రోజు ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని పైకి నవ్వాను. నా నవ్వు ఎంత గట్టిగా వచ్చిందో నాకు తెలియదు. వరండాలో వెళుతున్న వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు.

అప్పటినుంచి అతను నాకు విడిగా పంపేవాడు. మధ్యాహ్నం వంట అయ్యాక, సాయంత్రం వంట మొదలుపెట్టేలోపు ఫోన్లో పాఠం చదువుకుంటాడు. ముందు నోటుబుక్కులో రాసుకుంటాడు, తర్వాత బొటనవేలితో ఫోన్లో ఎక్కిస్తాడు. సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గరే వస్తుంది. పిల్లల సంఖ్య ఇస్తే బియ్యం ఎంత, పప్పు ఎంత, నూనె ఎంత అని చెప్పే ప్రోగ్రాం చేయాలని అతని కోరిక. రోజుకో మెట్టు ఎక్కుతున్నాడు. కొద్దిరోజులకు మేడం అక్క అయింది. నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను. బడి వదిలి ల్యాబు తాళం తీసేటప్పుడు ముందు ఫోన్ చూసుకునేదాన్ని.

నలభై ఐదో రోజున ఫోటో కింద అక్షరాలు లేవు. చిన్న గీతల వరస ఒకటి ఉంది, పక్కన సెకన్ల సంఖ్య. గొంతుతో మాట్లాడి పంపాడు.

ఆ క్షణమే చెప్పాల్సింది. ఒక్క వాక్యం చాలు. నాకు వినపడదు, రాసి పంపు. ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఈ ఊళ్లో నన్ను ఎరిగిన ప్రతివాళ్లకూ నేను చెవులు పోయిన మనిషిని. నా వెనక మాట్లాడుకోవచ్చు, నా ముందూ మాట్లాడుకోవచ్చు. అతనికి మాత్రం నేను లెక్కలు తెలిసిన మనిషిని. అది వదులుకోబుద్ధి కాలేదు. ఫోన్లో మాటను అక్షరాలుగా మార్చే ఏర్పాటు ఒకటుంటే ప్రయత్నించాను. వచ్చిన అక్షరాల్లో ఒక్క ముక్కకూ అర్థం లేదు. ఫోటోలో ప్రోగ్రాం బాగానే ఉంది కదా, దాని గురించే ఏదో చెప్పి ఉంటాడని, బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాను.

మర్నాడు ఇంకొకటి వచ్చింది. దానికీ బొటనవేలు. రాతలో ఏదైనా అడిగితే రాతలో జవాబు చెప్పేదాన్ని, గొంతుతో పంపితే బొటనవేలు. అలా పదకొండు పెట్టాను. చివరిది పొడవైనది, రెండు నిమిషాలు దాటింది. అది యాభై ఎనిమిదో రోజు. దానితో ఫోటో లేదు. ఫోటో లేదేమిటని ఒక్క క్షణం అనిపించింది. బొటనవేలు పెట్టి, నా పాఠంలో పడిపోయాను.

యాభై తొమ్మిదో రోజు ఏమీ రాలేదు. అరవయ్యో రోజూ రాలేదు. అందరిలా ఇతనూ వెళ్లిపోయాడనుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రోజూ తాళం తీస్తూ ఫోన్ చూసుకోవడం మాత్రం మానలేదు.

ఆ రోజుల్లోనే నేను నా పెద్ద ప్రోగ్రాం మీద పడ్డాను. అడ్జస్ట్‌మెంట్ షీట్. ముప్ఫై మంది టీచర్లు, వాళ్ల లీజర్లు, ఎవరికి ఎన్నిసార్లు వేశామన్న లెక్క, అన్నీ లోపల పెట్టి, సెలవు పెట్టినవాళ్ల పేర్లు ఇస్తే షీటు దానంతటదే రావాలి. అరవై ఆరో రోజున వచ్చింది. చేత్తో అరగంట పట్టేది, కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది. సారుకు చూపిస్తే ఆయన లేచి నిలబడి చూశాడు. ఇంత పని నేర్చుకున్నారా మేడం అన్నాడు. ఇకనుంచి షీటు పొద్దున ఏడున్నరకే స్టాఫ్ గ్రూపులో పెట్టేయమన్నాడు.

పెట్టాను. ఆ పొద్దున నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. షీటు ఫోన్లోనే చూసుకున్నారు. వేసింది మిషన్ కాబట్టి బతిమాలేది ఏముంది. ఎవరికీ ఎక్కువ తక్కువ లేకుండా వేస్తోందని స్టాఫ్‌రూంలో మెచ్చుకున్నారని సారు రాసి చూపించాడు. నేను ప్రార్థన గంటదాకా కిటికీలోంచి గ్రౌండు చూస్తూ కూర్చున్నాను. రెండో రోజు కూడా అంతే. నా చేతులతో నేనే ఆ అరగంటను తీసేసుకున్నానని మూడో రోజుకు అర్థమైంది. పాత రిజిస్టరు తీసి మళ్లీ చేత్తో రాద్దామా అనిపించింది. సిగ్గేసింది.

డెబ్బయ్యో రోజు, మధ్యాహ్నం అన్నం వేళ, ఆఫీసు గదిలో నేనూ మా స్కూలు ఆయమ్మా ఉన్నాం. ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. నర్సరీ పిల్లల్ని చూసుకుంటుంది. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ, ఎవరితోనైనా ఎదురుగా కూర్చుని ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటం ఆమెకు అలవాటు. నాతో ఎప్పుడూ అరవలేదు. ఆ స్కూల్లో నాకు సగానికి పైగా అర్థమయ్యే మనిషి ఆమె ఒక్కతే. ఎందుకో ఆ రోజు ఫోన్ ఆమెకు ఇచ్చి, ఇందులో ఒకాయన ఏదో మాట్లాడిండు, ఇని నాకు చెప్తవా అని అడిగాను.

పదకొండూ వరసగా విన్నది. ఫోన్ చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేది, అయిపోగానే కళ్లు తెరిచి నాకు చెప్పేది. మొదటివన్నీ పాఠాల సంగతులు, ఆమెకు అర్థం కాలేదు. ఏదో తిప్పుడు అంటాండు, వరస అంటాండు, ఎనక గిన్నెల చప్పుడు వస్తాంది అన్నది. ఒకదాంట్లో అతను వాళ్ల చిన్నమ్మాయి పుట్టినరోజని చెప్పాడట. ఒకదాంట్లో వానకు కట్టెలు తడిసి పొగలో వండానని, కళ్లు మండుతున్నా గంట పాఠం తప్పించలేదని చెప్పాడట. అన్నిటికీ నా బొటనవేళ్లు వరసగా ఉన్నాయి.

చివరిది వినేటప్పుడు ఆమె కళ్లు మధ్యలోనే తెరిచింది. అయిపోయాక మళ్లీ ఒకసారి విన్నది. తర్వాత కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, ఒక్కొక్క మాట చెప్పింది.

"వార్డెన్ సారు కోప్పడ్డడట. వంటోనికి కంప్యూటర్ ఎందుకు, కూరల ఉప్పు ఎక్కువైతాంది అన్నడట. ఇంట్ల గుడ నవ్వుతాన్రట. ‘నాక్కూడ అనిపిస్తాంది అక్కా, ఈ వయసుల ఎందుకు అని. నువ్వు టీచరువు, నీకు తెలుస్తది. ఆపెయ్యమంటవా? నువ్వెట్లంటె అట్లనే’ అంటాండు." ఆమె ఆగి నన్ను చూసింది. "మరి నువ్వేమన్నవ్ టీచరమ్మా?"

నేను ఫోన్ తిప్పి, దాని కింద ఉన్న బొటనవేలు చూపించాను.

ఆమెకు చదువు రాదు కానీ ఆ బొమ్మ తెలుసు. దాన్ని చూస్తూ అన్నది, "ఇనకుంట ఎట్ల పెట్టినవ్?"

అన్నం డబ్బా మూత పెట్టేశాను.

ఆ సాయంత్రం ల్యాబులో పాఠం తెరవకుండా అతనికి పొడవుగా రాశాను. చెవుల సంగతి, బొటనవేళ్ల సంగతి, అంతా. పంపినట్టు గుర్తు పడింది, అటువైపు చేరినట్టు గుర్తు పడలేదు. మర్నాడూ పడలేదు. రోజుకు పదిసార్లు చూశాను. వారం దాటింది. గంట పాఠం ఎలాగో చేసి, గ్రూపులో పెట్టి, ఇంటికి పోయేదాన్ని. నేను నేర్చుకుంటున్నది నాకే ఎక్కడం మానేసింది. ఒక మనిషి నన్ను నమ్మి అడిగితే ఆపెయ్ అన్నాను, అతను ఆపేశాడు. అతని సంగతి కనుక్కోవడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఎనిమిది రోజులు చూసి, ఆదివారం పొద్దున్నే హనుమకొండ బస్టాండుకు వెళ్లాను. ఒక కాగితం మీద ఏటూరునాగారం అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. కండక్టరు ఏదో అడిగింది. కాగితం, ఆధార్ కార్డు రెండూ చూపించాను. ఆమె చెవి వైపు చేయి చూపించి తల ఊపితే, అవునన్నట్టు తల ఊపాను. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చి, ముందు సీటులో కూర్చోబెట్టింది. ములుగు దాటాక పొలాలు, పస్రా దాటాక అడవి. తాడ్వాయి దగ్గర రెండు వైపులా చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. బస్సులో అందరూ కిటికీ వైపు తిరిగి ఏదో చూపించుకుంటున్నారు. నాకు కనపడలేదు. అడిగినా తెలియదు. అడవిలో ఎలాంటి చప్పుడు ఉంటుందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, చిన్నప్పుడు ఎప్పుడో వచ్చాను కానీ గుర్తు రాలేదు.

నా దగ్గర అడ్రసు లేదు. హాస్టల్లో వంట చేస్తారు, రెండు బిల్డింగులు, నీళ్ల ట్యాంకు అని కాగితం మీద రాసి ఆటో అతనికి చూపించాను. మొదటిచోటికి వెళితే అక్కడ వంట చేసేది ఒకావిడ. ఆమే చదివి, ఊరి చివరకు చేయి చూపించింది.

రెండోచోట వంటశాల వెనక, నేల మీద కత్తిపీట వేసుకుని ఒకాయన సొరకాయలు తరుగుతున్నాడు. నెరిసిన గడ్డం, భుజాన తువ్వాలు. నేను ముప్ఫై ఐదు, నలభై ఏళ్లవాడిని ఊహించుకున్నాను. ఈయనకు యాభై ఐదు దాటి ఉంటాయి. నన్ను అక్కా అని పిలిచిన మనిషి నాకంటే పన్నెండేళ్లు పెద్ద. బస్సులో రాసుకున్న ఇంకో కాగితం ఇచ్చాను. "నేను లెక్కల టీచర్ని. నాకు చెవులు వినపడవు. మీరు మాట్లాడి పంపినవి ఒక్కటీ వినలేదు. వినకుండానే బొటనవేలు పెట్టాను. ఆపమని నేను అనలేదు. నా తప్పు."

ఆయన చేతులు తువ్వాలుకు తుడుచుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివాడు. తర్వాత తలెత్తి ఏదో అన్నాడు. మీసం, గడ్డం పెదవుల మీదికి పెరిగి ఉన్నాయి, నాకు ఏమీ అందలేదు. తల అడ్డంగా ఊపాను. ఆయన లోపలికి వెళ్లి నీలం పెన్ను, నోటుబుక్కు పట్టుకొచ్చాడు. అదే నోటుబుక్కు. ప్రోగ్రాం ఆగిపోయిన పేజీ తర్వాత పేజీల్లో టమాటలు, ఉల్లిగడ్డలు, ఎన్ని కిలోలు తేవాలో రాసి ఉన్నాయి.

కింద కూర్చుని నెమ్మదిగా రాశాడు. "ఫోను నీల్లల్ల వడ్డది. మీరు పంపింది సూల్లె. నాకు రాసుడు సక్కగ రాదు. తప్పులు వోతయి. మీరు టీచరు. నవ్వుతరని మాట్లాడి పంపిన."

ఆ నాలుగు ముక్కలు చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. నేను చెవులు దాచుకున్నాను, ఆయన అక్షరాలు దాచుకున్నాడు. పెన్ను తీసుకుని, ‘నేను నవ్వను, అన్నా’ అని రాశాను. ‘అన్నా’ అన్న మాట రాసేటప్పుడు కొంచెం ఆగి రాశాను. ఆయన చూసి, అప్పుడు నవ్వాడు.

భోజనం పెట్టాడు. సొరకాయ పప్పు, అన్నం. ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ మాట నోటుబుక్కులో రాస్తే, ఆపేసినంక సరైంది అని రాశాడు. తిన్నాక వంటశాల గడప మీద కూర్చుని, నా ఫోన్లో ఆయన బియ్యం ప్రోగ్రాం మొదటినుంచి ఎక్కించాం. గ్రాములను కిలోలుగా మార్చేచోట చిక్కుకుని ఉన్నాడు. అది సరిచేసి, ఆ పూట పిల్లల సంఖ్య ఇచ్చాం. ఇన్ని కిలోలు అని వచ్చింది. ఆయన నన్ను లోపలికి పిలిచి, పొద్దున చేటతో అంచనాగా కొలిచి పెట్టిన బియ్యం బస్తా చూపించాడు, తూకం వేసి చూపించాడు. పావుకిలో తేడా. ఇరవై ఏళ్ల చేయి అని రాశాడు. గర్వంగా రాశాడు.

ఫోన్ బాగుచేయించుకున్నాక మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి అన్నీ రాసి పంపాడు, తప్పులతో, తెలుగు అక్షరాల్లోనే. పన్నెండు రోజులు చేశాడు. పదమూడో రోజు మెసేజ్ వచ్చింది. "ఇగ సాలక్క. నాకు కావల్సింది నేర్సుకున్న. ఈసారి నేనె ఆపుతాన్న, నువ్వు కాదు. మనసుల వెట్టుకోకు." అది చదివి కాసేపు ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. తర్వాత, మంచిది అన్నా అని రాశాను. బొమ్మలేమీ పెట్టలేదు. ఇప్పటికీ పండగలకు ఏం వండాడో ఫోటో పంపుతాడు. మిగతా రోజుల్లో ఏమీ ఉండదు.

అడ్జస్ట్‌మెంట్ షీట్ కింద నేను ఒక వాక్యం చేర్చాను, మార్పులు కావలసినవారు ఆఫీసుకు వచ్చి రాసి ఇవ్వండి అని. బల్ల మీద తెల్లకాగితాల కట్ట, పెన్ను పెట్టాను. ఒక సైన్సు మేడం రోజూ వస్తుంది, మార్పు అక్కర్లేకపోయినా ఏదో ఒకటి రాస్తుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు. మిగతావాళ్లు రారు. వాళ్లను తప్పు పట్టను. పొద్దున అందరికీ తొందరే.

వందో రోజున చివరి పాఠం గ్రూపులో పెట్టాను. గ్రూపు నడిపేవాళ్లు అందరికీ పంపే అభినందన ఒకటి వచ్చింది, నా పేరు ఉండాల్సిన చోట లెక్కల టీచర్ అని ఉంది. ఇంకెవరో తెలియని ఇద్దరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. అన్నకు చెబుదామనుకున్నాను. ఆదివారం కాదు. అయినా రాశాను, కంప్యూటర్ భాష ఒకటి నేర్చుకున్నానని. మర్నాడు జవాబు వచ్చింది, మంచిగ, ఆరోగ్యం జాగ్రత్త అని.

నూటొకటో రోజు చేయాల్సింది ఏమీ లేదు. బడి వదిలాక కాళ్లు ల్యాబు వైపే నడిచాయి. మిషన్ వేసి, పదో తరగతి లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక చాప్టరులో లెక్కల్ని ఒక్కొక్కటే ప్రోగ్రాంగా రాయడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ ఊడ్చి వెళ్లిపోయేది, ఆ రోజు చీపురు గోడకు ఆనించి, పక్క కుర్చీలో కూర్చుని, నా ముఖం తన వైపు తిప్పుకుని అడిగింది.

"ఈ కంప్యూటర్ల మాట్లాడేదే ఉండదా?"

"ఉండదు" అన్నాను.

"మరి నీకు ఒక్కదానికే తోస్తదా?"

"తోచదు" అన్నాను.

ఆమె తల ఊపింది. ఇంకాసేపు తెర వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చీపురు తీసుకుని, నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నేను రెండు కాళ్లూ పైకెత్తి పట్టుకున్నాను, ఆమె కింద ఊడ్చింది.